బర్రె వెనక పదకొండేళ్లు

నేను ముప్పై ఏడేళ్లకే పదవీ విరమణ చేశాను. శాలువా కప్పలేదు, దండ వేయలేదు, నా సేవల గురించి ఎవరూ గొంతు సవరించుకోలేదు. ఎముకల డాక్టరు ఒకాయన నా ఎక్స్‌రే వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, "ఈ భుజంతోని ఇంకా ఏం పని చేద్దామనుకుంటున్నవయ్యా?" అని అడిగాడు. అదే నా వీడ్కోలు సభ.

నా వృత్తి పశువులకు ఎద సూది వేయడం. ఊళ్లలో అలా అంటారు గాని అది సూది కాదు. ఆవో బర్రెనో ఎదకు వచ్చినప్పుడు, మేలుజాతి పశువు వీర్యాన్ని దాని గర్భసంచిలోకి చేరవేసే పని. ఎడమ చెయ్యి పశువు వెనక నుంచి మోచేయి దాటేదాకా లోపలికి పోతుంది. కుడిచేతిలో గన్ అని పిలిచే పొడుగాటి సన్న పుల్ల ఉంటుంది. పేరు గన్ అయినంత మాత్రాన వీరత్వం ఏమీ లేదు. బర్రె ముక్కినప్పుడల్లా దాని బలమంతా నా భుజం మీద పడేది. పదకొండేళ్లు పడింది. చివరికి భుజమే ముందు రాజీనామా ఇచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లు కొందరు "అన్నా, నీ అనుభవం రాసియ్యి" అన్నారు. శిక్షణలో చెప్పేవి నేను మళ్లీ చెప్పను. అక్కడ బర్రె బొమ్మ కదలదు, తన్నదు, దాని పక్కన ఏడ్చే మనిషి ఉండదు. మిగతాది రాస్తాను.

అందరి ఉద్యోగాలూ ముద్దొచ్చేవి

తెలంగాణ వచ్చిన కొత్తలో, హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లకు నేను తిరగడం మొదలుపెట్టాను. బండి వెనక వీర్యం గడ్డకట్టించి దాచే నత్రజని క్యాను, సంచిలో చేతొడుగులు. నెల తిరక్కముందే ఇతరుల ఉద్యోగాలు చూసి కుళ్లుకోవడం కూడా మొదలుపెట్టాను. ఆ పనిలో మాత్రం నాకు ఎవరి శిక్షణా అవసరం పడలేదు.

గ్రంథాలయంలో పేపరు ముఖం మీద కప్పుకొని పడుకునే ఆయన్ని చూస్తే కడుపు మండేది. యాదగిరిగుట్టకు పోయినప్పుడు దేవుణ్ని ఎంతసేపు చూశానో గుర్తు లేదు గాని, ప్రసాదం కౌంటర్లో లడ్డూలు అందించే మనిషిని చాలాసేపు చూశాను. ఆయన చేతులకు నెయ్యి వాసన. నా చేతుల సంగతి చెప్పాల్సిన పని లేదు.

పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీ ఆయన నా ఉద్యోగం అడిగి, చెప్పాక నా చేతుల వైపు చూసేవాడు.

"ఏ చెయ్యే అన్నా?"

"ఎడమది."

"నయం" అని మళ్లీ పప్పులో పడేవాడు.

అందరికన్నా ఎక్కువగా నేను కుళ్లుకున్నది సైదులును చూసి. నాతోపాటు పదో తరగతి చదివాడు. మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, లారీలు తూచే కాంటా గదిలో పని. లారీ కాంటా ఎక్కుతుంది. తెర మీద అంకె వస్తుంది. సైదులు బటన్ నొక్కుతాడు. చీటీ వస్తుంది. లారీ దిగుతుంది. గదిలో ఏసీ, తిరిగే కుర్చీ. నేనొకసారి ఆ కుర్చీలో కూర్చుని పూర్తిగా ఒక చుట్టు తిరిగాను. అప్పటిదాకా నేను కూర్చున్న వాటిలో అత్యున్నత పదవి అదే.

"నాకు జర తృప్తి ఉండే ఉద్యోగం కావాలె" అని ఇంటికొచ్చి మా ఆవిడ పద్మతో అన్నాను.

"తృప్తి అంటే ఏసీనా?" అంది.

ఔనని ఒప్పుకోవడానికి సిగ్గేసి, "ఎదుగుదల" అన్నాను.

"గా కుర్సీ పైకి కిందికి అయితదా?"

"అయితది."

"గదే అయ్యుంటది ఎదుగుదల" అని కూర కలపడానికి పోయింది.

రహీం సాబ్

నాకు పని నేర్పింది రహీం సాబ్. పశువుల దవాఖానలో ఆయన డాక్టరు కాదు, కాని డాక్టరు లోపలికి పోయే ముందు ఆయన ముఖం చూసి పోయేవాడు. నాలుగు నెలలు నన్ను గన్ ముట్టుకోనివ్వలేదు. ఒట్టి చెయ్యి పెట్టించి పరీక్ష పెట్టేవాడు.

"లోపల ఏమున్నదో చెప్పు."

"పేడ ఉన్నది సాబ్."

"గది ఊరందరికీ ఎరుకే. దాని ముందట?"

దాని ముందు ఏముందో తెలుసుకోవడమే ఈ వృత్తి. గర్భసంచి మెడ అరచేతికి అందుతుంది. అక్కడ ఆగిపోతే గన్ ఎక్కించొచ్చు, పని అయినట్టే కనిపిస్తుంది. రహీం సాబ్ అక్కడ ఆగనిచ్చేవాడు కాదు. ఇంకో జానెడు ముందుకు పోనిచ్చి, చూడి ఉందో లేదో తెలియడానికి సంచి రెండుగా చీలే కొమ్ములు తడిమించేవాడు. ఎందుకంటే చూడితో ఉన్న బర్రె కూడా అప్పుడప్పుడు ఎదకు వచ్చినట్టే అరుస్తుంది, వెనక నుంచి జిగట తీగలు వేస్తుంది. దాన్ని నమ్మి గన్ పెట్టామా, లోపల దూడకు కాపలాగా ఉన్న బిరడా పగులుతుంది. రెండు మూడు రోజుల్లో ఈసుకపోతుంది. అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోతుంది.

ఒకసారి ఒక రైతు బర్రె పొద్దంతా అరుస్తోందని పిలిచాడు. నేను గన్ సిద్ధం చేస్తుంటే రహీం సాబ్ ఆగమని చెయ్యి పెట్టి చూశాడు. ఆరు నెలల చూడి.

"మరెందుకు అరుస్తాంది సాబ్?" అన్నాడు రైతు.

"పక్క గుంజకు ఇంకోటి ఉండె కదా, ఏది?"

"మొన్న అమ్మిన."

"ఇగ అరవదా? దీనికి ఎద సూది కాదు, సోపతి కావాలె."

ఒక అధికారి కింద కూడా పని చేశాను. మనిషి చెడ్డవాడు కాదు. సాయంత్రం ఫోన్ చేసి ఎన్ని సూదులు వేశావని అడిగేవాడు. ఎన్ని చూడి కట్టాయని ఒక్కనాడూ అడగలేదు. మీకూ ఇలాంటి వాళ్లు దొరుకుతారు. అంకె చెప్పండి, కోపం తెచ్చుకోకండి, పనిలో మాత్రం రహీం సాబ్ మాట వినండి. నేను వినని రోజు గురించి రాయడానికే ఇంత దూరం వచ్చాను.

ఇస్త్రీ చొక్కా

ఆ ఫ్యాక్టరీలో రెండో కాంటా పెడుతున్నారని, మనిషి కావాలని సైదులు చెప్పాడు. ఇంటర్వ్యూ పొద్దున పది గంటలకు. ఏడింటికి నేను ఇస్త్రీ చొక్కా తొడిగి నిలబడితే ముత్తమ్మ ఫోన్ చేసింది.

ముత్తమ్మను నేను పెద్దమ్మా అంటాను. ఆమె భర్త సగం ఏడాది గొర్ల మందతో కృష్ణ ఒడ్డు పట్టుకొని పోతాడు. "గొర్లు ఆయనయి, బర్రె నాది" అనేది ఎప్పుడూ. ఆ ఇంట్లో ఆమె తనదని చెప్పుకోదగ్గది ఆ బర్రె ఒక్కటే. దాని పేరు గంగ. పొద్దున ఆమె పాల కేంద్రానికి నడిచిపోతుంటే క్యాను ఆమె వెంట పోతున్నట్టుండదు, ఊరేగుతున్నట్టుంటుంది.

"నర్సిమ్మా, గంగ తెల్లారంగ సంది ఒర్లుతాంది. జర వచ్చిపో కొడుకా."

నాలుగు నెలల ముందు గంగకు నేనే సూది వేశాను. కట్టిందో లేదో చూడమని ఆమె రెండుసార్లు అడిగితే "చూస్తలే పెద్దమ్మా" అని రెండుసార్లూ తప్పించుకున్నాను. ఆ నెలల్లో నేను కాంటా గది కలలు కంటున్నాను.

పోయాను. చొక్కా విప్పి గుంజకు తగిలించాను. దానికి వాసన అంటుతుందని నా భయం. చెయ్యి పెట్టాను, మెడ అందింది, ఆగాను. ఇంకో జానెడు పోలేదు. గన్ కొద్దిగా మొరాయించింది. తొయ్యాను.

"అయిపాయెనా? గంత జల్దినా?" అంది ముత్తమ్మ.

"అలవాటు పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఇంటి ముందే మూడుసార్లు సబ్బుతో, ఒకసారి నిమ్మచెక్కతో చేతులు తోముకొని బండెక్కాను.

ఇంటర్వ్యూలో టై కట్టుకున్న ఒకాయన, "ఇప్పుడున్న పని ఎందుకు వదిలేస్తున్నారు?" అని అడిగాడు.

"మనసుకు తృప్తినిచ్చే పని కోసం సార్" అన్నాను.

ఆయన కిటికీలోంచి కాంటా వైపు చూశాడు. అక్కడ బొగ్గు లారీ ఒకటి నిలబడి ఉంది. మళ్లీ నా వైపు చూశాడు. పాపం, నవ్వలేదు. ఒకటో తారీఖున వచ్చి చేరమన్నాడు.

చక్కెర ఎక్కువైన చాయ్

మూడో రోజు ముత్తమ్మ ఫోన్ చేసింది. ఏడ్చింది, అంతే. నేను పోయేసరికి కొట్టంలో గడ్డి మీద పాత సంచి కప్పి ఉంది. సంచి ఎత్తి చూశాను. పిల్లి పిల్లంత ఉంది. వెంట్రుకలు ఇంకా రాలేదు. గిట్టలు మాత్రం వచ్చాయి.

అప్పుడే నాకు తెలిసిపోయింది. గన్ మొరాయించిన సంగతి నా చేతికి గుర్తుంది.

ముత్తమ్మ గుంజకు ఒరిగి కూర్చొని నెత్తి కొట్టుకుంటోంది. "నేనే జేసిన. కాలువ గట్టెంబడి ఏం గడ్డి మేసెనో ఏమో. మొన్న బిందె తన్నిందని కట్టెతోని ఒక్కటేసిన. నా చేతులు పడిపోను."

పక్కింటి బుచ్చమ్మ గడప అవతలే నిలబడి, "అక్కా, ఏమనుకోకు. మా బర్లు తాగే తొట్టి కాడికి దీన్ని తోల్కరాకు. ఈసుకపోయే రోగం అంటుకుంటదంట" అంది.

అలాంటి అంటురోగం ఉన్నమాట నిజమే. గంగకు లేదన్నదీ నిజమే. ఆ రెండో నిజం ఆ కొట్టంలో నా ఒక్కడికే తెలుసు. గర్భసంచికి మందు పెట్టాను, జ్వరం చూశాను, దానికి సూది వేశాను. ఆమె ఏడుస్తూనే చాయ్ పెట్టి ఇచ్చింది. తాగాను. చక్కెర ఎక్కువైందని కూడా అన్నాను.

ఒక్కరోజే నోరు మూసుకున్నానని రాస్తే బాగుండేది. నాలుగు రోజులు మూసుకున్నాను. ఈలోపు పాల కేంద్రం ఆయన ఆమె పాలు వద్దన్నాడు. పశువుల బేరగాడు యాదయ్యకు కబురు అందింది. రోగపు బర్రెను ఎవరూ కొనరని, తనైతే దయతలచి కోతకు తోలుకుపోతానని చెప్పి పోయాడు.

రహీం సాబ్ నన్ను ఒకే మాట అడిగాడు. "ఒట్టి చెయ్యి పూరా పెట్టినవా?"

నేను బండికి గాలి సరిపోయిందా అని చూస్తూ ఉండిపోయాను.

"అచ్ఛా" అన్నాడు. తిట్టి ఉంటే నాకు కోపం తెచ్చుకునే వీలుండేది. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

కాంటా గది

సైదులు దగ్గరికి పోయాను. ఏసీ చల్లగా ఉంది. లారీ ఎక్కింది, బటన్ నొక్కాడు, లారీ దిగింది. జరిగింది చెప్పాను.

"చెప్పకు" అన్నాడు. "ఒకటో తారీఖు ఈడికొస్తున్నవ్. గా ఊరికి మల్ల ఎందుకు పోతవ్?"

"నువ్వయితే?"

"నాకు గసొంటి ఫికర్ ఎన్నడొచ్చింది? నేను తప్పు జేద్దామన్నా జాగా లేదు ఈడ. మిషిన్ తప్పు జేస్తే మిషినోళ్లొస్తరు." ఇంకో లారీ ఎక్కింది. నొక్కాడు. "ఆరేండ్లాయె. గా డ్రైవర్ల పేర్లు నాకు తెల్వయి, నా పేరు ఆళ్లకు తెల్వది. నువ్వు ఊర్లకు పోతే మంచమేస్తరు, చాయ్ పోస్తరు. నిన్ను జూస్తే నాకు మండుతది తెలుసా?"

"నన్ను జూసా?"

"మరి నీ బర్రెను జూసా?"

ఇద్దరం నవ్వాం. నేను ఇన్నాళ్లు కుళ్లుకున్నది ఏసీని చూసి కాదని బండి స్టార్ట్ చేస్తుంటే తోచింది. తప్పు చేసినా ఎవరి కొట్టంలోనూ ఏమీ పడిపోని ఉద్యోగం అది. నాకు కావలసింది అదే. దానికి తృప్తి అని పేరు పెట్టాను, అంతే. ఇదేదో జ్ఞానోదయం అనుకోకండి. దారిలో పంక్చర్ పడింది, గంటన్నర ఎండలో నిలబడ్డాను, జ్ఞానం చాలావరకు ఆవిరైంది. మిగిలిన కొంచెంతో మర్నాడు ముత్తమ్మ ఇంటికి పోయాను.

తొట్టి దగ్గర

యాదయ్య ట్రాలీ ఆటో వాకిట్లో ఉంది. మా వైపు పశువును అమ్మితే మెడతాడు ఇవ్వరు, పాడి దాంతోపాటు పోతుందంటారు. ముత్తమ్మ గంగ మెడ తాడు ముడి విప్పుతోంది. ముడి బిగుసుకుపోయింది. పళ్లతో లాగుతోంది.

"పెద్దమ్మా, ఆగు. దానికి రోగం లేదు. తప్పు నాది. సూడి ఉన్నదో లేదో సూడకుండ గన్ పెట్టిన. గందుకే పడింది."

ఆమె తాడు వదల్లేదు. "ఏమంటున్నవ్?"

మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టం.

"గిది నీకు ఎప్పటి సంది ఎరుక?"

"సంచి ఎత్తి సూసిన కాంచి."

"నేను నెత్తి కొట్టుకుంటాంటే నువ్వీడనే ఉంటివి గదరా. నేను పోసిన చాయ్ తాగితివి గదరా!"

"తాగిన పెద్దమ్మా."

"థూ" అంది. నా మీద కాదు, పక్కకే ఉమ్మింది. అంత మర్యాద ఇచ్చింది.

యాదయ్య సర్దిచెప్పబోయాడు. "అక్కా, ఎవని తప్పయితేంది, బర్రె అయితే గిదే గదా. బండి తెచ్చిన, ఉత్తగనే పోవాల్నా?"

"నువ్వెక్కి పో. ఉత్తగెందుకు?" అని తాడు మళ్లీ బిగించి కట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "నా ఒక్కదాని చెవుల చెప్తే ఏమొస్తది? పా తొట్టి కాడికి. ఆడ చెప్పు" అంది.

గంగను తోలుకొని ఆమె ముందు, వెనక నేను. తొట్టి దగ్గర బర్లు నీళ్లు తాగే వేళ. బుచ్చమ్మతో కలిపి ఏడెనిమిది మంది ఆడవాళ్లున్నారు. నేను చెప్పాను. నా జీవితంలో నేనిచ్చిన ఏకైక ఉపన్యాసం అదే. చప్పట్లు పడలేదు.

"పొద్దుగాల్నే తాగొచ్చిండా ఏంది సారు?" అంది ఒకావిడ.

"తాగలే" అన్నాను.

"తాగి ఉంటే జర బాగుండు" అంది బుచ్చమ్మ. గంగ మూతి పెట్టడానికి తన బర్రెను కొంచెం పక్కకు జరిపింది.

అక్కణ్నుంచి పాల కేంద్రానికి పోయి అక్కడా చెప్పాను. తిరిగొస్తే ముత్తమ్మ వాకిట్లో నిలబడి, "నా కొట్టంల మల్ల అడుగు పెట్టకు" అని పంపేసింది.

తర్వాత ఆ ఊరు నన్ను పిలవడం మానేసింది. పక్క రెండు ఊళ్లు కూడా. వదిలిపోవడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. కాని అప్పుడు పోతే, ఆ ఊళ్లో నా ఉద్యోగం తొట్టి దగ్గర ఉపన్యాసంతోనే ముగుస్తుంది. ఒకటో తారీఖు ముందు రోజు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. అవతలి మనిషి ఎంతో కొంత బాధపడతాడని అనుకున్నాను. "సరే" అన్నాడు. ఇంకో లైన్లో ఎవరో ఉన్నారని పెట్టేశాడు.

కొత్తగా వచ్చే తమ్ముళ్లకు ఒక మాట. ఇది గొప్ప సేవ, పుణ్యం అని నేను చెప్పను. వాసన వాసనే. కుళ్లుబోతుతనం కూడా పోదు. లడ్డూల ఆయన మీద నాకు ఇప్పటికీ ఉంది. సులువైన ఉద్యోగం దొరికితే నిక్షేపంగా పోండి, తప్పేం లేదు. పోయేదాకా మాత్రం చెయ్యి ఇక్కడే పెట్టండి. మనసు ముందుగానే వెళ్లి అక్కడి కుర్చీలో కూర్చుంటే, ఇక్కడ చెయ్యి జానెడు తక్కువ పోతుంది. తప్పు జరిగితే పొద్దుగూకేలోపే చెప్పెయ్యండి. నాలుగు రోజులు ఆగితే తప్పు పెరుగుతుంది, చాయ్ కూడా తాగాల్సి వస్తుంది.

రెండు నెలల తర్వాత

రెండు నెలలు దాటాక గంగ మళ్లీ ఎదకు వచ్చింది. ముత్తమ్మ రహీం సాబ్‌కు ఫోన్ చేసింది. ఆయనకు మోకాళ్ల నొప్పులు, నన్ను పంపాడు. మోకాళ్లు నిజంగా నొప్పి పుట్టాయో, పుట్టమని ఆయనే చెప్పాడో నేను అడగలేదు.

ముత్తమ్మ నన్ను చూసి ముఖం తిప్పుకుంది గాని తడిక తీసింది. గంగ పక్కన నిలబడింది. నేను సూది వేసేదాకా ఒక్క మాట లేదు. మంచం వాల్చలేదు, చాయ్ లేదు.

మళ్లీ మూడు నెలలకు, ఆమె పిలవకముందే నేనే పోయాను. చేతొడుగు వేసుకొని చెయ్యి పెట్టాను. మెడ దాటాను. ఇంకో జానెడు పోయాను. ఒక కొమ్ము బరువుగా, నీళ్లు నింపిన తిత్తిలా కిందికి జారి ఉంది. వేలితో మెల్లగా కదిపితే లోపల ఏదో తేలి వచ్చి తగిలి, మళ్లీ వెనక్కి పోయింది.

"ఉన్నదా?" అంది ముత్తమ్మ. అయిదు నెలల్లో నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట.

"ఉన్నది పెద్దమ్మా."

ఆమె నా ముఖం వైపు చూడలేదు. గంగ వీపు మీద చెయ్యి వేసి, దాని ఊపిరి వింటున్నట్టు కొంచెంసేపు నిలబడింది.

"మల్ల సూడు" అంది.

మళ్లీ చూశాను.